బ్రిజిడ్ మళ్ళీ అడిగింది

మా బేస్‌మెంట్‌లో అద్దెకుంటున్న హారిక పోయిన ఆదివారం సాయంత్రం నా స్టీలు డబ్బా తిరిగి ఇవ్వడానికి పైకి వచ్చింది. ఖమ్మం పిల్ల. కాలేజీలో చదువుకుంటూ, వారాంతాల్లో ఏదో గోడౌన్‌లో పనిచేస్తూ, మిగిలిన కాస్త సమయంలో నిద్రపోతూ ఉంటుంది. అంతకుముందు ఆ డబ్బాలో గుత్తివంకాయ కూర పంపించాను. చేతికి బరువుగా తగిలితే మూత తీసి చూశాను. లోపల ఒక శనగల టిన్ను ఉంది. దానిమీద, లేనివాళ్ళకి ఉచితంగా సరుకులిచ్చే ఫుడ్‌బ్యాంక్ వాళ్ళ స్టిక్కరు ఇంకా ఊడలేదు. "ఖాళీ డబ్బా ఇయ్యొద్దు కద ఆంటీ, మా అమ్మకు తెలిస్తే తిడ్తది. నా దగ్గర ఇదే ఉండె," అంది నవ్వుతూ. ఆ పిల్ల కిందికి వెళ్ళిపోయాక మెట్ల మీదే కూలబడ్డాను. ఈ వయసులో కూడా సిగ్గుకి చెవులు వేడెక్కుతాయని అప్పుడే తెలిసింది.

ఎందుకు సిగ్గంటే, ఆ మధ్యాహ్నమే పక్క ఊరు మిల్టన్‌లో ఒక గృహప్రవేశం భోజనానికి వెళ్ళివచ్చాను. రిటైరైన ఇంజనీరు ప్రసాదరావు గారు పులిహోర కలుపుకుంటూ, ఫోన్లో ఎవరో ఫార్వర్డ్ చేసిన వీడియో అందరికీ చూపించారు. ఫుడ్‌బ్యాంక్ ముందు చలిలో బారుగా నిలబడ్డ కాలేజీ పిల్లలు, చేతుల్లో సంచులు, కొందరు మొహాలు పక్కకి తిప్పుకుంటున్నారు. తీసినవాడికి మాత్రం చెయ్యి వణకలేదు, బొమ్మ చక్కగా వచ్చింది. "మనవాళ్ళేనండీ. ఇక్కడివాళ్ళ ముందు మన పరువేం కావాలి?" అన్నారాయన. అందరూ తలలాడించారు. ఆయన నావైపు తిరిగి, మీరు చిన్నప్పట్నుంచీ ఇక్కడే పెరిగారు కదా సుధగారూ, ఆ రోజుల్లో మనవాళ్ళు ఇలా ఉండేవాళ్ళా అని అడిగారు. అప్పట్లో మనవాళ్ళే చాలా తక్కువ కదండీ అన్నాను. అబద్ధం కాదు. నిజమూ కాదు. అంత నాజూగ్గా తప్పించుకోవడం మా నాన్న దగ్గర నేర్చుకున్నాను.

ఈ దేశానికి వచ్చిన ఆ రోజుల్లో మేము విమానాశ్రయం దగ్గర ఎటోబికోలో ఒక ఎత్తైన అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళం. పైనుంచి విమానాలు మా డాబా మీదే దిగుతున్నట్టు పోతుండేవి. కారిడార్ నిండా తడి ఉన్ని కోట్ల వాసన, ఎవరింట్లోనో ఉడికే క్యాబేజీ వాసన. అమ్మ పోపు వేసేముందు, బయట మంచు కురుస్తున్నా సరే, కిటికీ తెరిచి పెట్టేది. ఇంగువ వాసన పక్కింటికి పోకూడదని ఆమె భయం. పోపు మాడకుండా ఒక కన్ను, తలుపు చప్పుడు మీద ఒక చెవి. మేము చలికి ముడుచుకుని, ముక్కుల దాకా దుప్పట్లు లాక్కుని, చారు కోసం కూర్చునేవాళ్ళం. నాన్న గుంటూరులో డాక్టరు. ఇక్కడ మాత్రం పరీక్షలు పాసై, ఎవరో ఒక ఆసుపత్రి వాళ్ళు రమ్మనేదాకా ఏమీ కాదు. అందుకని విమానాశ్రయం పక్కన ఒక గోడౌన్‌లో పెట్టెలకి టేపులు అంటించేవాడు. ఇండియాకి రాసే ఉత్తరాల్లో మాత్రం 'డ్యూటీకి వెళ్తున్నాను' అని రాసేవాడు. ఆ మాట ఎవరు ఎలా అర్థం చేసుకుంటే అలా.

ఆ చలికాలం నాన్న గోడౌన్ గేటు దగ్గర గడ్డకట్టిన మంచు మీద జారిపడి కాలు విరగ్గొట్టుకున్నాడు. పనిలో కొత్త కాబట్టి రాకపోతే జీతం లేదు. కట్టు వేసిన కాలుని ఒక కుర్చీ మీద పెట్టుకుని, ఇంకో కుర్చీలో కూర్చుని, పొద్దస్తమానం ఎముకల పేర్లు పైకి చదివేవాడు. విరిగిన ఎముక పేరు వచ్చినప్పుడు గొంతు తగ్గించేవాడు. అమ్మ వాడిన టీ పొడినే మళ్ళీ మరిగించి ఇచ్చేది. ఆయన తాగేసి, బావుంది అనేవాడు. ఇంట్లో ఏముందో ఆయన అడగడు. ఏం లేదో అమ్మ చెప్పదు. అది వాళ్ళిద్దరి ఒప్పందం.

నన్ను దగ్గర్లోని కాథలిక్ బడిలో వేశారు. అది మా వాళ్ళు మాత్రమే చేయగలిగిన పొరపాటు. నెల్లూరులో అమ్మ సిస్టర్ల బడిలో చదువుకుంది. అందుకని సిస్టర్లు ఉన్నచోటల్లా కాన్వెంటు అనీ, కాన్వెంటు అంటే ఇంగ్లీషు అనీ ఆమె నమ్మకం. ఊరంతా ఇంగ్లీషే మాట్లాడే దేశంలో ఇంగ్లీషు కోసం కాన్వెంటుకి పంపారు నన్ను. మా టీచరు సిస్టర్ మార్గరెట్ ఐర్లండ్ మనిషి. క్లాసు గోడ మీద వాళ్ళ దేశపు పునీతురాలు బ్రిజిడ్ పటం ఉండేది. పచ్చటి పైబట్ట, పక్కన తెల్ల ఆవు. పదిహేను వందల ఏళ్ళ కిందటి మనిషి. అయినా సిస్టర్ ఆమె గురించి మొన్నటిదాకా పక్కింట్లో ఉండి వెళ్ళిన ఆవిడ గురించి చెప్పినట్టే చెప్పేది.

నేను విన్న కథల్ని సాయంత్రం వంటింట్లో అమ్మకి తెలుగులో చెప్పేదాన్ని. బ్రిజిడ్ తల్లి బానిస, తండ్రి దొర. పిల్లని పాడి దగ్గర పనికి పెడితే, చిలికిన వెన్నంతా వచ్చిన బీదవాళ్ళకి పెట్టేసేది. యజమాని వచ్చి లెక్క చూస్తానంటే, ఆమె ప్రార్థన చేసుకునేది. వెళ్ళి చూస్తే కుండలు మళ్ళీ నిండి ఉండేవి. అతిథుల కోసం ఉడుకుతున్న మాంసం, ఆకలితో వచ్చిన కుక్కకి వేసేసేది. ఈ పిల్లని ఇంట్లో ఉంచుకుంటే ఇల్లు గుల్లవుతుందని తండ్రి ఆమెని రథం ఎక్కించి రాజుకి అమ్మడానికి తీసుకుపోయాడు. ఆయన లోపలికి వెళ్ళి బేరమాడుతుంటే, రథం దగ్గరికి ఒక కుష్ఠురోగి వచ్చాడు. ఇవ్వడానికి ఆమె దగ్గర ఏమీ లేదు. తండ్రి వదిలి వెళ్ళిన, రాళ్ళు పొదిగిన కత్తి తీసి ఇచ్చేసింది. నా సొమ్ము కూడా ఇలాగే పంచుతావా అని రాజు అడిగితే, చేతికందితే అంతా పంచుతానంది. ఈమెని కొనేపాటి విలువ మనకి లేదు, ఇంటికి తీసుకుపో అన్నాడు రాజు. "వాళ్ళ నాన్న నాలుగు తగిలించలేదా?" అని అమ్మ అడిగేది. వెన్న కుండలు నిండాయన్న చోట మాత్రం గరిటె ఆపి, మళ్ళీ చెప్పమనేది.

బ్రిజిడ్ పండగ నెలన్నర ఉందనగా సిస్టర్, లేనివాళ్ళ కోసం తలా ఒక టిన్ను తెమ్మంది. క్లాసు మూల పెట్టెలో పోగుచేసి చర్చికి పంపుతారు. నేను ఇంట్లో చెప్పనేలేదు, రోజూ మర్చిపోయానని సిస్టర్‌కి చెప్పేదాన్ని. నా వెనక బల్ల కెవిన్ తను తెచ్చిన టమాటా సూపు టిన్ను కాగితం మీద నీలం రంగుతో పడవ బొమ్మ వేసి అందరికీ చూపించాడు. సిస్టర్ నా వంక చూసింది. టిన్ను గురించి అనుకున్నాను. ఆమె చూసింది నా కాన్వాసు జోళ్ళని. అంత మంచులో బూట్లు లేకుండా వస్తున్న పిల్లని నేనొక్కదాన్నే.

ఆ వారాంతంలోనే మా తలుపు కొట్టారు. చర్చి తరఫున మిసెస్ డాయల్ అనే ఆవిడ వచ్చింది. భర్త పోయిన మనిషి, ఎర్రటి బుగ్గలు, మోకాళ్ళ నొప్పులు. ఒక చేతిలో అట్టపెట్టె, ఇంకో చేతిలో మూత పెట్టిన పింగాణీ గిన్నె. గిన్నెలో వేడి వేడి బంగాళాదుంపల కూర. పెట్టెలో నాకొక జత బూట్లు, కొన్ని టిన్నులు. బడినాటి ఇంగ్లీషు మర్చిపోయిన అమ్మకి టిన్నుల మీది రాతలు చదవడం కష్టం కాబట్టి ఒక్కొక్కటీ నేను చదివి చెప్పాలి. బఠాణీలు, మొక్కజొన్న, పంది ముక్కలు కలిపిన చిక్కుళ్ళు. దాన్లోంచి ముక్కలు ఏరేసి చిక్కుళ్ళు కడిగి పోపు పెట్టుకోవచ్చా అని అమ్మ ఆలోచన. తరవాతి టిన్ను తీశాను. దానిమీద నీలం పడవ. సోమవారం బడిలో బల్ల దగ్గర కూర్చుంటే వెనకనుంచి కెవిన్ చూపు నా వీపు మీద కాలుతున్నట్టనిపించింది. పాపం వాడికేమీ తెలియదు. నేనే ఇంటికి వచ్చి ఆ కాగితం చింపి, చిన్న చిన్న ముక్కలు చేసి, చెత్తబుట్టలో అడుక్కి తోసేశాను. నాన్న ఆ సూపు తాగి, బావుంది అన్నాడు.

ఇక గిన్నె సంగతి. మా అమ్మకి పుట్టి బుద్ధెరిగిననాటి నుంచీ ఒకటే పాఠం: ఒకరింటి గిన్నె ఖాళీగా తిరిగి పంపకూడదు. నెల్లూరులోనైనా ఎటోబికోలోనైనా గిన్నె గిన్నే. సూట్‌కేసులో అడుగున దాచిన చింతపండు తీసి, మిగిలిన జీడిపప్పు వేసి, పులిహోర చేసి ఆ గిన్నె నిండా పెట్టింది. మిసెస్ డాయల్ అది తిని మురిసిపోయింది. తరవాతి వారం ఇంకో గిన్నె వచ్చింది. ఈసారి దాన్లో జంతికలు పెట్టి పంపింది. ఆ తరవాత సున్నుండలు. ఇండియా నుంచి తెచ్చుకున్న మినప్పప్పూ, సీసా అడుగున ఉన్న నెయ్యీ అంతటితో అయిపోయాయి. సున్నుండలు చుడుతున్నప్పుడు నేను పక్కన కూర్చుంటే చేతిలో ఒకటి పెట్టి, మిగతావి లెక్కగా గిన్నెలో పేర్చింది. "ఇచ్చేకొద్దీ నిండుతుందని మీ బ్రిజిడమ్మ కథలో లేదూ?" అంది. మా నెయ్యి సీసా మాత్రం నిండలేదు. నేను పొద్దున్నే లేచి చూశాను కూడా.

తరవాతిసారి మిసెస్ డాయల్ వచ్చినప్పుడు చేతిలో పెట్టె లేదు. కూరగిన్నె ఒకటి పెట్టి, ఇదే చివరిదని, సంతోషంగా చెప్పింది. అమ్మ చేసినవన్నీ చర్చి ఆడవాళ్ళంతా తిన్నారట. ఇంత ఖరీదైన పదార్థాలు, ఇంత పనితనం. ఈ కుటుంబం దేవుడి దయవల్ల నిలదొక్కుకుందని అందరూ అనుకున్నారట. ఇంకా ఇబ్బందుల్లో ఉన్నవాళ్ళు ఉన్నారు కాబట్టి, మా వాటా వాళ్ళకి ఇస్తామని చెప్పింది. నేను వాక్యం వాక్యం అమ్మకి తెలుగు చేశాను. అమ్మ మొహంలో ఏమీ కనపడలేదు. నవ్వుతూ కాఫీ ఇచ్చింది. అది మా ఇంట్లో చివరి కాఫీ పొడి. మిసెస్ డాయల్ గుమ్మం దాటేదాకా ఆ నవ్వు అలాగే ఉంది. లోపలి గదిలో ఎముకల పేర్లు ఆగిపోయి, కాసేపటికి మళ్ళీ మొదలయ్యాయి.

ఆ చివరి గిన్నె మాత్రం మా దగ్గరే ఉండిపోయింది. కడిగి, తుడిచి, ఫ్రిజ్ మీద బోర్లించింది అమ్మ. నింపడానికి ఏమన్నా దొరికితే గానీ పంపదు. దొరకదు. రోజులు గడుస్తున్నకొద్దీ అదొక సమస్య అయింది. వాళ్ళ గిన్నె ఎగ్గొట్టామనుకుంటారేమో అని ఒక బాధ, ఖాళీగా ఎలా ఇస్తాం అని ఇంకో బాధ. ఇంట్లో ఉప్పుడు బియ్యం, ఉప్పు, చింతపండు పిప్పి, సగం క్యాబేజీ, డబ్బా అడుగున కాస్త పంచదార. అమ్మ తనకి ఆకలి లేదని చెప్పడం మొదలుపెట్టింది. రోజూ చెప్పేది. నాన్న నమ్మేవాడు, లేదా నమ్మినట్టు ఉండేవాడు. నాకు ఆకలి కంటే సిగ్గే ఎక్కువ గుర్తుంది. అయితే ఒక్క విషయంలో మేము అదృష్టవంతులం. మా సిగ్గు నాలుగు గోడల మధ్యే ఉంది. ఎవరూ ఫోటో తియ్యలేదు. హారికలాంటి పిల్లలకి ఆ కాస్త చాటు కూడా మిగల్చలేదు మనం. అప్పుడు మాకు పెట్టినవాళ్ళు పరాయివాళ్ళు, ఇప్పుడు వేలు చూపించేది సొంతవాళ్ళు.

బ్రిజిడ్ పండగ రోజు సిస్టర్ కొత్త కథ చెప్పింది. సాయంత్రం నేను అమ్మకి అది చెప్పాను. బ్రిజిడ్ మఠం కట్టుకోవడానికి రాజు దగ్గరికి వెళ్ళి, కాస్త నేల ఇమ్మని అడిగింది. రాజు లేదు పొమ్మన్నాడు. అయితే నా పైబట్ట పరిచినంత మేర ఇవ్వమంది. ఆ ముతక బట్టని చూసి రాజు నవ్వి, సరేలే అన్నాడు. ఆమె తోటి పిల్లలు బట్ట కొసలు పట్టుకుని నాలుగు దిక్కులా పరుగెత్తితే, అది అలా పెరుగుతూ పొలాలన్నీ కమ్మేసింది. నాకు ఆ పరుగులే ఇష్టం. చేతులు బార్లా చాపి వంటింట్లో చూపించాను. అమ్మ మాత్రం బట్ట పెరగడం దగ్గర ఆగలేదు.

"అడిగిందా? అంతమందికి పెట్టిన మనిషి, తను అడిగిందా?"

అడిగిందన్నాను.

"లేదన్నాక, మళ్ళీ అడిగిందా?"

మళ్ళీ అడిగిందన్నాను. అమ్మ క్యాబేజీ తరగడం మానేసింది. సిస్టర్ మాకు ఎప్పుడూ ఇచ్చే చేతుల గురించే చెప్పింది, దయ, దానం, ధైర్యం అని. అడగడానికి అంతకన్నా ధైర్యం కావాలని ఆమె చెప్పలేదు. బహుశా ఆమెకీ తట్టి ఉండదు. కడుపు నిండినవాళ్ళు రాసిపెట్టిన పుణ్యచరిత్రల్లో అడగడం గుణాల కింద రాదు. ఆ ఒక్క ముక్కనీ కథలోంచి ఏరి పట్టుకున్నది మా అమ్మే.

మర్నాడు మధ్యాహ్నం అమ్మ గిన్నె దింపి మళ్ళీ కడిగింది. అలవాటుగా పంచదార డబ్బా మూత తీసి చిటికెడు పట్టుకుంది. ఏమీ లేనప్పుడు కాసిని పలుకులు వేసినా, ఖాళీ గిన్నె పంపలేదన్న మాట దక్కుతుంది. గిన్నె మీదిదాకా వచ్చిన చెయ్యి ఆగింది. ఆ పంచదారని మళ్ళీ డబ్బాలో రాల్చేసి, వేళ్ళు దులుపుకుని, గిన్నెని తడిలేకుండా తుడిచింది. కోటు మీద శాలువా కప్పుకుని, నన్ను తోడు రమ్మంది. మిసెస్ డాయల్ ఇల్లు చర్చి వెనక సందులో. దారంతా నేను ఇంగ్లీషులో ఏం చెప్పాలో కూడబలుక్కుంటూ నడిచాను.

మిసెస్ డాయల్ తలుపు తీసి, గిన్నె చూడగానే మొహం విప్పారింది. వద్దంటూనే అందుకుని, ఈసారి ఏం తెచ్చారో అని నవ్వుతూ మూత తీసింది. లోపలికి చూసింది. తల ఎత్తలేదు. అమ్మ నావైపు చూసి, చెప్పు అంది. దారంతా కూడబలుక్కున్న మాటల్లో ఒక్కటీ నోటికి రాలేదు. కొత్త బూట్ల మీద కరుగుతున్న మంచు చూస్తూ నిలబడ్డాను. అప్పుడు అమ్మే మాట్లాడింది. నెల్లూరు సిస్టర్లు నేర్పిన ఇంగ్లీషు, అన్నేళ్ళుగా వాడనిది.

"ఎంప్టీ," అంది గిన్నె చూపించి. తరవాత మా ఇంటివైపు చెయ్యి చాపింది. "హౌస్ ఆల్సో ఎంప్టీ."

మిసెస్ డాయల్ మెడ దగ్గర మొదలైన ఎరుపు నుదుటిదాకా పాకింది. సిగ్గుపడాల్సింది మేమే అనుకుని వెళ్ళాను. ఆవిడ సిగ్గు చూశాక మాది చిన్నదైపోయింది. మీరు పంపినవన్నీ తిన్నాను కానీ, మీకు తినడానికి ఉందా అని అడగలేదు నేను, అందావిడ మెల్లగా. అమ్మ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి, వంటింటి బల్ల దగ్గర కూర్చోబెట్టి, పొయ్యి మీద ఉన్నదంతా తన రాత్రి భోజనమే అయినా, మా ముందు పెట్టింది. అమ్మ తినడం చూసి చాలా రోజులైందని నాకు అప్పుడు తట్టింది. గబగబా తిన్నది. మధ్యలో ఒకసారి తల ఎత్తి, నేను చూస్తున్నానని గమనించి, నెమ్మదిగా నమలడం మొదలుపెట్టింది. ఆ నెమ్మది నేను మర్చిపోలేను. మిగిలినది ఆవిడ గిన్నెకెత్తి ఇచ్చింది.

రాత్రి నాన్న కంచంలో అది వడ్డించింది అమ్మ. ఎప్పటిలాగే బావుంది అన్నాడాయన. అమ్మ మాత్రం ఎప్పటిలా ఊరుకోలేదు. "నేను వెళ్ళి అడిగి తెచ్చాను," అంది. నాన్న చెయ్యి కంచంలోనే ఆగింది. ఆయన ఏదో అంటాడని నేను బిగుసుకుపోయాను. ఆయన తల వంచుకుని, మెతుకు మిగల్చకుండా తిని, కంచంలోనే చెయ్యి కడుక్కుని, పుస్తకం తెరిచాడు. ఆ చలికాలం గురించి ఆ ఇంట్లో మళ్ళీ ఎవరూ మాట్లాడలేదు.

నాన్న పరీక్షలు పాసయ్యాడు. డాక్టరయ్యాడు, పెద్ద ఇల్లు కొన్నాడు. ఆయన షష్టిపూర్తికి హాలు నిండా మనవాళ్ళు వచ్చారు. నాన్న పట్టుపంచెలో మైకు పట్టుకుని, ఈ దేశంలో కాలుపెట్టిన రోజుల గురించి చెప్పాడు. ఎన్ని కష్టాలొచ్చినా ఒకరి ముందు నేను చెయ్యి చాచలేదు అన్నాడు. చప్పట్లు మోగాయి. నేనూ కొట్టాను. ఆయన పక్కన పీటల మీద కూర్చున్న అమ్మ మాత్రం పట్టుచీర కొంగు సర్దుకుంటూ, చేతులు ఒళ్ళోనే ఉంచుకుంది. ఇప్పుడు ఇద్దరూ లేరు. నాన్న ఆ రోజు అబద్ధం చెప్పలేదు. ఆయన చెయ్యి చాచలేదు. చాచింది అమ్మ.